పన్ను పీకే ముందు ఎంత మత్తో చెప్పండి: దంతవైద్యులకు బహిరంగ లేఖ

దంతవైద్య మిత్రులకు, డెంటల్ క్లినిక్‌లు నడిపేవారికి నమస్కారం.

మీరు ఫోన్ చేస్తే మందుల పెట్టె, మానిటర్ పట్టుకుని మీ క్లినిక్‌కి వచ్చే మత్తు డాక్టర్లలో నేనొకడిని. నా పని ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లోనే ఉంటుంది, మీ కుర్చీ పక్కన నిలబడేది అప్పుడప్పుడే. అయినా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మీ కుర్చీయే. పొట్ట కోసే సర్జన్‌కు పేషెంటు నోటితో పని ఉండదు, దాన్ని నాకు వదిలేస్తాడు. మీ దగ్గర ఆ నోరు మీకూ కావాలి, నాకూ కావాలి. రక్తం, డ్రిల్లు నీళ్లు, విరిగిన పన్ను ముక్క, గాజ్ గుడ్డ, అన్నీ అతను ఊపిరి పీల్చుకునే దారి మొదట్లోనే ఉంటాయి.

నేను అడిగేది ఒక్కటే. పన్ను తీయాలని నిర్ణయించిన రోజే, ఏ స్థాయి మత్తు ఇవ్వబోతున్నారో పేషెంటుకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అనుకున్న స్థాయి దాటి లోతుకు జారితే ఎవరు చూసుకుంటారో, ఎలా చూసుకుంటారో కూడా అప్పుడే చెప్పండి. మొదటి మాట చెప్పే డాక్టర్లు నాకు కొందరు తెలుసు. రెండో మాట చెప్పేవాళ్లు బాగా తక్కువ.

ఒక క్లినిక్‌లో సంతకాల కాగితం చూశాను. ‘మత్తు ఇచ్చుటకు నా పూర్తి సమ్మతి’ అని ఒకే లైను, కింద సంతకం. ఆ పూట అక్కడ ఒకాయనకు చిగుళ్లో ఇంజెక్షన్ ఇచ్చి కదిలే పన్ను తీశారు. ఒక పాపకు మిడజోలం అనే మగత మందు సిరప్ పట్టి పాలపళ్లు తీశారు. ఇంకొకాయనకు నాలుగు జ్ఞానదంతాలు, రక్తనాళంలోకి మందులు, పక్కన నేను. ముగ్గురూ సంతకం పెట్టింది ఆ ఒక్క లైను కిందే. పాప వాళ్లమ్మ నన్ను అడిగింది, ‘పక్కాయనకి ఇచ్చిందీ మా పాపకిచ్చిందీ ఒకటేనా డాక్టర్ గారూ?’ అని. ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అడిగింది, అడగాల్సిన సమయం మాత్రం దాటిపోయింది. సిరప్ అప్పటికే పాప కడుపులో ఉంది.

ఈ లేఖ మీకే అయినా పేషెంట్లు కూడా చదవాలని నా ఆశ. అందుకే మీకు బాగా తెలిసినవి కూడా విడమరిచి రాస్తున్నాను, విసుక్కోకండి.

ముందు లోకల్ ఇంజెక్షన్ సంగతి. లిగ్నోకైన్ ఇచ్చిన చోటు మొద్దుబారుతుంది, మనిషి పూర్తి మెలకువతో ఉంటాడు. పై దవడ ఎముక పలచన కాబట్టి పన్ను పక్కనే ఇస్తే మందు ఇంకుతుంది. కింది దవడ వెనక పళ్ల దగ్గర ఎముక దళసరి, అక్కడ నరం దవడలోకి దిగే చోటే మందు పెట్టి, ఆ వైపు పెదవి తిమ్మిరెక్కేదాకా ఆగాలి. అన్నీ సరిగ్గా చేసినా నొక్కినట్టూ, లాగినట్టూ, ఎముక కటకటలాడినట్టూ తెలుస్తూనే ఉంటుంది. నొప్పిని మోసే సన్నటి నరపు పోగులు ముందు ఆగుతాయి, ఒత్తిడిని మోసే లావు పోగులు అంత తేలిగ్గా ఆగవు. ఈ మాట ముందే చెప్పకపోతే పేషెంటు మొదటి కుదుపుకే ‘మత్తు ఎక్కలేదు డాక్టర్’ అని బిగుసుకుపోతాడు. మీరు ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు, అతను ఇంకా బిగుసుకుంటాడు. చివరికి ‘ఈయనకి సెడేషన్ కావాలి, రాగలరా’ అని నాకు ఫోన్ వస్తుంది. సెడేషన్ అంటే మందుతో మగత తెప్పించడం. ముందు రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఆ ఫోన్ అక్కర్లేదు.

చీము పట్టిన పన్నైతే వేరే సంగతి. వాపు ఉన్నచోట కణజాలం ఆమ్లంగా మారి మందు నరంలోకి సరిగ్గా చొరబడదు, అక్కడ పేషెంటు చెప్పేది నిజమే. అలాంటప్పుడు వాపుకు దూరంగా నరాన్ని బ్లాక్ చేయొచ్చు, లేదా ముందు చీము వదిలించి ఇంకోరోజు పిలవొచ్చు. ఇంకాస్త నిద్రపుచ్చితే సరిపోతుందనుకుంటేనే చిక్కు. మిడజోలం లాంటి సెడేషన్ మందులు భయం తగ్గిస్తాయి, జరిగింది గుర్తు లేకుండా చేస్తాయి, నొప్పిని మాత్రం ఆపవు. లోకల్ సరిగ్గా పట్టని మనిషికి సెడేషన్ పెంచుకుంటూ పోవడం ప్రమాదానికి తిన్నని దారి.

ఇక స్థాయిలు. అమెరికాలోని మత్తు డాక్టర్ల సంఘం 1999లో వీటికి నిర్వచనాలు రాసింది, ఇప్పటికీ చాలామంది వాడేవి అవే. మినిమల్, మోడరేట్, డీప్, ఆపైన జనరల్ అనస్థీషియా.

మినిమల్ అంటే మనిషి తేలికపడతాడు, కళ్లు తెరిచే ఉంటాడు, పిలిస్తే మామూలుగానే పలుకుతాడు. ముందుగా వేసుకున్న చిన్న మాత్ర, లేదా ముక్కు మాస్కులోంచి పీల్చే నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాసు. నాకు నైట్రస్ అంటే ఇష్టం, దాచుకోను. కొద్ది నిమిషాల్లో పట్టుకుంటుంది, ఆపితే కొద్ది నిమిషాల్లోనే వదులుతుంది, ఎంత కావాలో అంత పెంచుకోవచ్చు. పళ్ల క్లినిక్‌ల కోసం చేసిన మెషీన్లు ఆక్సిజన్‌ను 30 శాతం కంటే కిందికి పోనివ్వవు. చివర్లో కాసేపు ఒట్టి ఆక్సిజన్ పీల్పించి పంపడం మరవకూడదు, ఆ చివరి ఐదు నిమిషాలే హడావుడిలో ఎగిరిపోతుంటాయి. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు పనికిరాదు, గర్భం తొలి నెలల్లో వద్దు, బి12 లోపం ఉన్నవాళ్లకు జాగ్రత్త.

మీ వృత్తి, నా వృత్తి కలిసింది ఈ గ్యాసు దగ్గరే. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. తీసినవాడు జాన్ రిగ్స్, ఆయనా దంతవైద్యుడే. నొప్పి తెలియలేదని పొంగిపోయిన వెల్స్ మరుసటి ఏడాది బోస్టన్‌లో వైద్య విద్యార్థుల ముందు ఇంకొకరి పన్ను తీసి చూపబోయాడు. పేషెంటు కేక పెట్టాడు, చూసేవాళ్లు గేలి చేశారు, వెల్స్ పరువు పోయింది. గ్యాసు అదే, మనిషి వేరు, పట్టాల్సినంత పట్టలేదు. 1846లో అదే బోస్టన్‌లో ఈథర్‌తో నెగ్గి పేరు తెచ్చుకున్న విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే. ఎవరికి ఎంత పడుతుందో మందు చేతిలో పట్టుకుని చెప్పలేమని మనవాళ్లకు మొదటి రోజుల్లోనే తెలిసింది.

మోడరేట్ దగ్గర గందరగోళం మొదలవుతుంది. కళ్లు మూతపడతాయి, మాట ముద్దగా వస్తుంది, అయినా ‘నోరు తెరవండి’ అంటే తెరుస్తాడు. భుజం మీద తట్టి చెబితే తల తిప్పుతాడు. ఊపిరి తనంతట తానే సరిగ్గా తీసుకుంటాడు, గడ్డం ఎత్తి పట్టాల్సిన పని ఉండదు. ఇది దాటితే డీప్. అక్కడ గట్టిగా, పదేపదే కదిపితే గానీ పలకడు, నాలుక వెనక్కి జారొచ్చు, ఊపిరి చాలకపోవచ్చు. జనరల్‌లో ఎంత నొప్పి పెట్టినా లేవడు, ఊపిరి బాధ్యత పూర్తిగా మాది.

మోడరేట్‌లో ఉన్నాడా, డీప్‌లోకి పోయాడా అన్నది తేల్చుకోవడానికి నేను చూసేది ఒకటుంది. భుజం గిల్లితే చెయ్యి వెనక్కి లాక్కున్నాడనుకోండి, అది లెక్కలోకి రాదు. ఒళ్లు మరిచిన మనిషి కూడా లాక్కుంటాడు. నా చేతిని వెతికి పక్కకు తోస్తే, ‘అబ్బా, ఆగండి’ అని గొణిగితే, అప్పుడు ఇంకా మనతోనే ఉన్నాడని అర్థం. మీ అసిస్టెంట్లలో చాలామంది కదలిక కనబడగానే ‘మెలకువగానే ఉన్నారు సార్’ అంటారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ మిడజోలం ఒక తమాషా చేస్తుంది. మందు ఎక్కాక జరిగింది గుర్తుండనివ్వదు. నా మాటకు జవాబు చెప్పి, అడిగినప్పుడల్లా నోరు తెరిచిన మనిషి ఇంటికెళ్లి ‘నాకసలేం తెలీదు, హాయిగా నిద్రపుచ్చి తీసేశారు’ అని పదిమందికి చెబుతాడు. ఆ పదిమందిలో ఒకరు మీ దగ్గరికొచ్చి ‘నాకూ ఫుల్ నిద్ర కావాలి’ అంటారు. మీ బోర్డు మీద కూడా ‘నిద్రలోనే పన్ను తీయించుకోండి’ అని ఉంటుంది. పేషెంటు అడిగేది జనరల్ అనస్థీషియా, మీరు ఇద్దామనుకునేది మోడరేట్. మధ్యలో కాస్త కదిలితే ‘ఏంటి, మేలుకుంటున్నాడు, ఇంకొంచెం ఇవ్వండి’ అని నా వైపు చూస్తారు. నేను ఒప్పుకోను. అదే మందును ఒంటరిగా ఇస్తున్న డాక్టర్ మాత్రం ఇచ్చేస్తాడేమోనని నా భయం.

ఈ స్థాయిలు మెట్లలా విడివిడిగా ఉండవు, జారుడు నేలలా ఉంటాయి. ఒకే డోసుకు ఒకరు కబుర్లు చెబుతారు, ఒకరు గురక పెడతారు. వయసు పైబడినవాళ్లకు కొద్దిపాటి మందే ఎక్కువైపోతుంది. రోజూ నిద్రమాత్ర వేసుకునేవాళ్లకు పట్టదు, మద్యం తాగి వచ్చినవాళ్లకు ఎలా పడుతుందో ఊహించలేం. అందుకే ఏ స్థాయికి తీసుకెళ్లాలనుకుంటే, దానికంటే ఒక స్థాయి లోతు నుంచి వెనక్కి తేగలిగినవాళ్లే ఆ మందు ఇవ్వాలన్నది మా వాళ్ల నియమం. మోడరేట్ ఇస్తానంటే డీప్‌లో పడిన మనిషికి గడ్డం ఎత్తి, మాస్కు పెట్టి, బ్యాగుతో ఊపిరి ఊదడం చేతనై ఉండాలి. బొమ్మ మీద ఎప్పుడో ఒకసారి చేసిన అనుభవం ఇందుకు చాలదు.

ఎక్కువ జారేది ఎప్పుడో తెలుసా? పన్ను వచ్చేశాక. అంతవరకూ మీరు కదుపుతూ, నొక్కుతూ ఉంటారు, ఆ కుదుపే అతన్ని మేల్కొలుపుతూ ఉంటుంది. పన్ను ట్రేలో పడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మీరు గ్లౌజులు తీస్తారు, అసిస్టెంట్ పరికరాలు సర్దుతుంది, ఎవరో లైటు ఆపుతారు. మందు మాత్రం ఒంట్లో అంతే ఉంది, మేల్కొలిపే కుదుపు పోయింది. పైగా నోట్లో గాజ్, తల కాస్త ముందుకు వాలింది. నేను పేషెంటు తల దగ్గరే ఉండిపోతే ‘అయిపోయింది కదా డాక్టర్, రండి టీ తాగుదాం’ అంటారు. నా పని అప్పటికింకా అవలేదండీ.

ఆ సమయంలో స్క్రీన్ మీద నేను చూసేది వేలికి పెట్టిన క్లిప్ చూపించే అంకె ఒక్కటే కాదు. పల్స్ ఆక్సీమీటర్ మంచి పరికరమే, అది లేకుండా నేను పని మొదలుపెట్టను. కానీ అది చెప్పేది రక్తంలో ఆక్సిజన్ ఎంతుందని, ఊపిరి ఆడుతోందో లేదో చెప్పదు. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంటే ఊపిరి ఆగిపోయాక కూడా కొంతసేపు ఆ అంకె 99 దగ్గరే నిలబడుతుంది. క్యాప్నోగ్రాఫ్ అలా కాదు, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి ప్రతి ఊపిరికీ ఒక గీత గీస్తుంది. ఊపిరి ఆగితే గీత పడుకుంటుంది, అంతే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు మోడరేట్ సెడేషన్‌కే దీన్ని వాడమన్నాయి. మీ క్లినిక్‌లో కొత్త ఎక్స్‌రే మెషీన్ ఉంది, దంతాల ముద్ర తీసే స్కానర్ ఉంది, ఇది ఎందుకు లేదని అడిగితే ‘మీరు తెచ్చుకుంటారు కదా’ అంటారు. నేను రాని రోజుల్లో ఎవరు తెస్తున్నారు?

విరుగుడు ఇంజెక్షన్ ఉంది కదా అని కొందరి ధైర్యం. మిడజోలంకు ఫ్లుమజెనిల్ ఉంది, ఫెంటనిల్ లాంటి బలమైన నొప్పి మందులకు నలోక్సోన్ ఉంది, నిజమే. అయితే ఫ్లుమజెనిల్ మిడజోలం కంటే ముందే కరిగిపోతుంది, లేచి కూర్చున్న మనిషి మళ్లీ మత్తులోకి జారొచ్చు, కాబట్టి విరుగుడు ఇచ్చాక ఇంకా ఎక్కువసేపు ఉంచుకోవాలి. రక్తనాళంలోకి ఇచ్చే మత్తుమందు ప్రొపోఫాల్‌కైతే విరుగుడే లేదు, అది దిగేదాకా ఊపిరిని మనం నిలబెట్టాలి.

పిల్లల విషయంలో కాస్త కటువుగా రాస్తాను. చిన్నపిల్లల గొంతు ఇరుకు, టాన్సిల్స్ పెద్దవి, ఊపిరి ఆగితే ఆక్సిజన్ పెద్దవాళ్లకంటే చాలా తొందరగా పడిపోతుంది. అనుకున్నదానికంటే లోతుకు జారడం వాళ్లలోనే ఎక్కువ, ముఖ్యంగా ఆరేళ్లలోపు వాళ్లలో. నోటితో ఇచ్చే సిరప్‌ను కొలిచి పెంచలేం, మింగాక వెనక్కి తీసుకోలేం. అరగంట అయినా పాప ఏడుస్తోందని రెండోసారి పడితే రెండు డోసులూ కలిసి ఒక్కసారే ఎక్కొచ్చు. బయల్దేరే ముందు ఇంట్లోనే పట్టేయమని సిరప్ చేతికిచ్చి పంపడం అసలు చేయకండి. దారిలో ఊపిరి తగ్గితే ఆ తల్లి ఏం చేస్తుంది? చిగుళ్లో ఇచ్చే లోకల్‌కు కూడా బరువును బట్టి హద్దు ఉంటుందని, నాలుగు మూలలా పళ్లు తీస్తున్నప్పుడు అది దాటిపోవడం తేలికని మీకు చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, పిల్లల దంతవైద్యుల సంఘం కలిసి 2019లో ఒక మాట స్పష్టంగా రాశాయి. పిల్లలకు క్లినిక్‌లో డీప్ సెడేషన్ గానీ జనరల్ గానీ ఇస్తే, పన్ను తీసే డాక్టర్ కాకుండా మత్తు చూసుకోవడమే పనిగా ఇంకో అర్హుడు ఉండాలి, ఇద్దరికీ పిల్లల ప్రాణరక్షణలో శిక్షణ ఉండాలి. బ్రిటన్ ఇంకా ముందుకెళ్లింది, పళ్ల కోసం ఇచ్చే జనరల్ అనస్థీషియాను 2001తో క్లినిక్‌ల నుంచి తీసేసి ఆసుపత్రులకే పరిమితం చేసింది. నాకు అదే సరైనదనిపిస్తుంది.

అలాగని అందరికీ లోకల్ ఒక్కటే చాలనడం లేదు. నోట్లో అద్దం పెట్టగానే వాంతి వచ్చేవాళ్లున్నారు. కుర్చీలో కూర్చోవడమే కుదరని ఆటిజం ఉన్న పిల్లలున్నారు. చిన్నప్పుడెవరో చేతులు పట్టుకుని పీకితే, పెద్దయ్యాక కూడా క్లినిక్ గుమ్మం ఎక్కలేనివాళ్లున్నారు. వీళ్లకు సగం మత్తు, సగం బలవంతం కంటే ఆసుపత్రిలో పూర్తి జనరల్ ఎంతో మేలు. నలుగురు పట్టుకుంటే గానీ కుదరని కేసు కుర్చీలో చేయాల్సిన కేసు కాదు.

ఉపవాసం మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే స్థాయి చెప్పకపోతే ఇది తలకిందులవుతుంది. లోకల్‌తో పన్ను తీయించుకునే మనిషి శుభ్రంగా తిని రావాలి, ఖాళీ కడుపుతో భయపడితే కళ్లు తిరిగి పడిపోతాడు. రక్తనాళంలోకి మందులిచ్చే సెడేషన్‌కైతే తేలికపాటి తిండి తిన్నాక 6 గంటలు, నూనె, కొవ్వు బాగా ఉన్నదైతే 8 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు ఆగాలి. అందరికీ ఒకే మెసేజ్ పంపే క్లినిక్‌లో ఈ రెండు రకాలవాళ్లూ తారుమారవుతారు. నేను చూశాను, కడుపు నిండా తిని వచ్చినాయన్ని వెనక్కి పంపితే రిసెప్షన్‌లో గొడవ పెట్టుకున్నాడు. పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి పంపేటప్పుడు తోడు మనిషి ఉండాలి, ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. ఇవి మత్తు దిగని పేషెంటుకు చెబితే గుర్తుండవు, తోడొచ్చినవాళ్లకు చెప్పి చీటీ ఇవ్వండి. పిల్లలైతే దారిలో నిద్రపోతే తల ముందుకు వాలి గొంతు మూసుకోవచ్చు. పక్కన కూర్చుని తల చూసుకోవడానికి ఒకరు, బండి నడపడానికి ఇంకొకరు ఉండాలి.

‘ఇవన్నీ చెబితే పేషెంటు భయపడి పారిపోతాడు’ అని మీలో ఒక పెద్దాయన నాతో అన్నారు. నా అనుభవం వేరు. ‘మీకు ఇచ్చేది చిన్న మత్తు, పిలిస్తే పలుకుతారు, లాగడం తెలుస్తుంది, నొప్పి తెలియదు, తెలిస్తే చెయ్యెత్తండి, ఆపుతాం. మీ ఊపిరి చూసుకోవడానికే నేనున్నాను, నాకింకో పని లేదు’ అని చెబితే చాలామంది భుజాలు దిగుతాయి. కొందరైతే ‘అయితే నాకు ఇంజెక్షన్ చాలు డాక్టర్, ఇదంతా ఎందుకు’ అంటారు. ఆ కేసులో నా ఫీజు పోతుంది, పోనివ్వండి.

ఇకపై నన్ను పిలిచేవాళ్లకు ఒక మనవి. ఫోన్‌లో మీరు ముందుగా పన్ను నంబరు చెబుతారు, వేరు ఎలా వంగిందో చెబుతారు. అవి మీకు కావాల్సినవి. నాకు ముందు పేషెంటు వయసు, బరువు, వాడుతున్న మందులు, గుండె, ఊపిరితిత్తుల సంగతి చెప్పండి. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతారా అని కనుక్కోండి, ఈ ప్రశ్న పేషెంటును కాకుండా పక్కన పడుకునేవాళ్లను అడగాలి. ఏ స్థాయి అనుకుంటున్నారో, ఆ మాట పేషెంటుతో అన్నారో లేదో చెప్పండి. కుర్చీ పూర్తిగా వెల్లకిలా వాలుతుందా, నోట్లో రక్తం, నీళ్లు లాగే సక్షన్ రెండోది ఉందా, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, కరెంటు పోతే సక్షన్ పనిచేస్తుందా, స్ట్రెచర్ మీ లిఫ్టులో పడుతుందా అని నేను అడుగుతాను. విసుక్కోకుండా చూసి చెప్పండి. ‘రండి డాక్టర్, వచ్చాక చూద్దాం’ అన్న కేసులకు ఇక రాదలచుకోలేదు.

ఇట్లు,
మీరు పిలిచే మత్తు డాక్టర్లలో ఒకడు